లోపలి మడత

టంగుటూరు దాటాక, మూతపడిన పొగాకు గ్రేడింగ్ షెడ్డు.
గోడలకి ఇంకా ఆ ఘాటు.
అందులో మాలకొండయ్య విమానం.
మోటార్లకి వైండింగ్ కట్టే మనిషి
ఆరేళ్లుగా కట్టుకుంటున్న ఇద్దరు పట్టే విమానం.

నన్ను పిలిచింది రెక్కలకి గుడ్డ కుట్టడానికి.
జాకెట్లు కుట్టే నాగూర్‌బీ రెక్కలు కుట్టిద్దంట అని
బజారంతా నవ్వింది. నవ్వనీ.
గజానికింత అని కూలి ముందే మాట్టాడుకున్నా.

ఆ పొద్దున సూది దారం పట్టుకుని పోతే
మనిషి లేడు, రెండు కాళ్లున్నాయి.
సీటు వీపు మీదుగా బయటికి వేలాడుతూ,
ఒకదానికే చెప్పు.
తల లోపలెక్కడో, పెడళ్ల దగ్గర,
పళ్ల మధ్య టార్చిలైటు.
ఏందన్నా అంటే
గడియారాల వెనక నుంచి మూలుగొకటి వచ్చింది.

వేగం చెప్పే ముల్లు కదలటం లేదంట.
గొట్టం ఊడదియ్యాలంట.
ఒక్కటే గొట్టం. మూడు రోజులయింది.

ముందు నుంచి చూస్తే ఆ పలక ఎంత ముచ్చటో!
నల్లరంగు, పదకొండు గుండ్రటి అద్దాలు,
చుట్టూ వరసగా రివిట్లు,
ఇక విప్పే పనే రాదన్నంత ధీమాగా.
వెనక మాత్రం చెయ్యి దూరదు.
దూరిన చేతికి కన్ను తోడు రాదు.
కన్ను పోయినచోట స్పానరు తిరగదు.
నట్టు జారితే ఠంగుమని ఒక చప్పుడు,
దాని వెనకే ఒక మధ్యాహ్నం పోయేది.

నీ చెయ్యి సన్నం కదమ్మా, పెట్టి చూడన్నాడు.
మోచేతిదాకా పెట్టా.
తీగలు, తీగలు,
నెల రోజులు దువ్వెన చూడని తల.
గాజొకటి లోపలే పగిలింది.

అప్పుడొచ్చింది నాకు కోపం.
అన్నా, నా మిషను ఎప్పుడన్నా చూశావా?
నూనె పొయ్యాలంటే నేను బల్ల కింద దూరతానా?
తలకాయ పట్టుకుని వెనక్కి వాలుస్తా.
రెండు కీళ్లు. అంతే.
దాని కడుపంతా నా ఎదాన ఉంటది.

చాలాసేపు ఏం మాట్టాడలా.
పలక అంచుని బొటనవేలితో తడుముతా కూచున్నాడు.
మర్నాడు డ్రిల్లు పెట్టి రివిట్ల తలలు లేపేశాడు.
ఆ మోత నా పళ్లలో పడింది.

మా అత్త మిషను కీళ్లు తీసుకుపోయి ఇచ్చా.
చేతిలో ఎగరేసి చూసి తిరిగిచ్చాడు.
తులం కూడా లెక్కేనంట,
పైగా ఇనుము దగ్గరుంటే దిక్సూచి దారి తప్పిద్దంట.
ఒంగోలు నుంచి అల్యూమినియం కీలు తెప్పించాడు.
పలక మూడు ముక్కలయింది.
నడిమిదానికి కింద కీలు, పైన నాలుగు మరలు,
పావు తిప్పుకే ఊడొచ్చేవి.

తెరిచాం. రెండేళ్ల సందు వచ్చి ఆగిపోయింది.
వెనక తీగలు బిర్రుగా పట్టేసినాయి.

పెరిగే పిల్లకి గౌను కుట్టేటప్పుడు
లోపల రెండంగుళాలు మడత వదుల్తాం.
బయటికి కనపడదు. ఈ ఏడు దాంతో పని లేదు.
వచ్చే ఏటికి ఆ పిల్ల వేరే పిల్ల.
నీ తీగలకి ఆ మడతేదన్నా?

తీగలన్నీ కొత్తగా లాగాడు, జానెడు వదులుంచి.
ఒక్కో తీగకీ నేను దారం కట్టా.
చమురుకి ఎరుపు, రేడియోకి చిలకపచ్చ,
పెట్రోలుకి నీలం.
ఎక్కడికి పోయిద్దో ఇద్దరికీ తెలీనిది ఒకటి మిగిలింది.
దానికి తెల్లదారం కట్టి,
కాసేపు దానికేసే చూస్తా నిలబడ్డాం.

పలక అతని ఒళ్లోకి వాలింది.
గొట్టం రెండు నిమిషాల్లో ఊడింది.
గడియారానికి గాలి తగలకుండా పక్కకి పట్టుకుని ఊదితే
రెక్క అంచున, గొట్టం మొనలోంచి
చిటికెడు ఎర్రమట్టి రాలింది.
కుమ్మరిపురుగు గూడు.

ఇంకా ఎగరలా. కాగితాలు రావాలంట.
కూలి లెక్కలో గాజు ఖరీదు కూడా వేశా,
మారు మాట్టాడకుండా ఇచ్చాడు.
ఆ గాజుముక్కల్లో ఒకటి ఇంకా దొరకలా.
అది దొరికేదాకా కాగితాలొచ్చినా కదలనంటాడు.
సాయంత్రం నేను మిషను మూత పెట్టి పోయేసరికి
నాలుగు మరలు పావు తిప్పు తిప్పి,
పలకని ఒళ్లో పడుకోబెట్టుకుని,
తెల్లదారం పక్కకి జరిపి,
వెతుకుతా ఉంటాడు.